సత్తెనపల్లి సీమలో హృదయదర్శనము

గుంటూరునుండి మాచెర్లకు పోవు బాటలో, నల్లరేగడి చేల నడుమ, ప్రత్తి జిన్నింగు మిల్లులతోను ఎండు మిరపకాయల ఘాటుతోను బాటసారిని పలుకరించు సత్తెనపల్లి, బహుకాలము ఒక తాలూకాకు ముఖ్యస్థానమై వర్ధిల్లిన ఊరు. ఇట్టి ఊళ్ళ వైద్యచరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగా ఆసుపత్రి కట్టడమును ఎవరు కట్టించిరి, శంకుస్థాపన ఎవరు చేసిరి, మంచములెన్ని యను లెక్కలతో తృప్తిపడుదురు. నేను చెప్పదలచినది అంతకంటె సన్నని త్రోవ. ప్రక్కటెముకల పంజరము చాటున దాగి, పుట్టినది మొదలు గిట్టువరకు ఒక్క నిమిషమైనను కంటికి కనబడక కొట్టుకొను గుండెను ఈ సీమవారు ఎట్లు చూడగలిగిరి, అందును పదిమందికి వచ్చు జబ్బు గాక ఏ ఒకరికో వచ్చు వింతజబ్బును గుర్తించుట ఎట్లు సాధ్యమయ్యెను అనునదే ఇచ్చటి ప్రస్తావన.

కీళ్ళవాత జ్వరమును క్షయయు ఇంటింట తెలిసిన దేశమున, అరుదైన గుండెజబ్బు తన రూపుతో తాను కనబడదు. పదిమందికి వచ్చు జబ్బు వేషము వేసికొని తిరుగును. ఆయాసపడు పడుచును చూడగానే కవాటము చెడినదనియు, పొట్ట ఉబ్బిన రైతును చూడగానే కాలేయము చెడినదనియు, ఱొమ్ము ఫిల్ములో గ్రంథులు కనబడగానే క్షయ యనియు తలచుట వైద్యుని తెలివితక్కువ యనరాదు. పెక్కుమారులు ఆ తలపే నిజమగుచుండుటచే ఆ అలవాటు బలపడినది. మిగిలిన ఆ కొద్దిమంది సంగతి యేమి, వారి వేషమును ఏ సాధనము తొలగించినది అని వెదకబోయినచో, సత్తెనపల్లినుండి గుంటూరు, అచ్చటినుండి మదరాసు, వెల్లూరు, తరువాత హైదరాబాదు, కడపట మరల గుంటూరు, ఇట్లు ఒక ప్రయాణపటము మన ముందు పరచుకొనును.

చూచుటకు పూర్వము తాకుట యుండెను. చరకుడు హృద్రోగములను వాత, పిత్త, కఫ, సన్నిపాత, క్రిమిజములని ఐదు తెఱగులుగా విభజించెను. తెలుగునాట తరతరాల వైద్యులు చేతి కందుబాటులో ఉంచుకొన్న బసవరాజీయము నాడీపరీక్షతోనే ప్రారంభమగును. పురుషునకు కుడిచేతను స్త్రీకి ఎడమచేతను మణికట్టుపై మూడువ్రేళ్ళు మోపి, గమనమును, బలమును, లయను గ్రహించు ఆ నేర్పు తక్కువది కాదు. తాళము తప్పిన గుండెను, సత్తువ యుడిగిన గుండెను ఆ వ్రేళ్ళు పసికట్టగలిగెడివి. ఏ కవాటము చెడినది, ఏ గోడ మందమెక్కినది అనునవి మాత్రము వాటికి అందని విషయములు. ఇందుకు విచిత్రమైన ఒక మినహాయింపు కలదు. మహాధమనియు దాని కొమ్మలును వాచి, క్రమక్రమముగా ఇరుకై, చేతికి పోవు రక్తము సన్నగిల్లిపోగా, కనులు తెరచి మాటాడుచున్న యువతి మణికట్టున నాడి అందకపోవు జబ్బు ఒకటి యున్నది. జపానుదేశపు కంటివైద్యుడు మికితో తకయాసు 1908లో ఒక సభలో ఒక యువతి కంటిలోపలి రక్తనాళముల వింత అల్లికను వర్ణింపగా, ఆ సభలోనే మరి ఇద్దరు వైద్యులు లేచి, అట్టి కన్నులు గల తమ రోగులకు మణికట్టున నాడి లేదని చెప్పిరి. ఆసియా దేశముల పడుచులలో, అందు మన దేశపు పడుచులలోను, ఈ జబ్బు తక్కిన ఖండములకంటె హెచ్చుగా కనబడును. నాడి అందనిచో ప్రాణమే లేదనవలసిన శాస్త్రమునకు ఇట్టి రోగి ఒక చిక్కుముడి. ఆ ముడి విప్పుటకు ధమనిలోనికి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీయు విద్య రావలసి యుండెను.

తాకుట తరువాత వినుట వచ్చెను. 1816లో పారిసు వైద్యుడు లెన్నెక్ కాగితమును గొట్టముగా చుట్టి ఒక యువతి ఱొమ్మున ఆనించి వినుటతో పుట్టిన స్టెతస్కోపు, గుంటూరు సీమ ఆడువారి ఱొమ్ముదాక వచ్చుటకు చాలకాలము పట్టెను. 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికా లూథరన్ మిషను వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరచి, 1930లో కన్నుమూయువరకు ఈ ప్రాంతమునే తన కర్మభూమిగా చేసికొనెను. పరపురుషుని చేత పరీక్ష చేయించుకొనుటకు ఇష్టపడని కుటుంబముల స్త్రీలకు ఆమెయు ఆమె వద్ద పనిచేసిన వైద్యురాండ్రును తొలి శ్రోతలు. కవాటపు సవ్వడిని వినుట ఒక కళ. కాని చెవికి వినబడిన సవ్వడికి లోపల ఏ ఆకారము కారణమో ఊహింపవలసినదే తప్ప చూడ వీలులేదు. ఊహ సరియైనదో కాదో తేలుట శవపరీక్షలో. మన పల్లెలలో శవమును కోయనిచ్చువారు ఎందరు?

1895 నవంబరు 8న వుర్ట్‌స్‌బర్గు నగరమున రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. రెండేండ్లు తిరుగునాటికి, 1897-98 నాటి తీరా దండయాత్రలో వాల్టర్ బీవర్ అను సైనికవైద్యుడు వాయవ్య సరిహద్దు కొండలకు ఎక్స్‌రే యంత్రమును మోయించుకొనిపోయి, సిపాయిల శరీరములలోని తుపాకిగుండ్లను వెదకించెను. గుండ్లకు చూపిన శ్రద్ధ గుండెలకు చూపుటకు మరికొంత కాలము పట్టినది. దక్షిణాదిని ఈ విద్యకు స్థిరమైన పీఠము 1934లో మదరాసు జనరలు ఆసుపత్రిలో బర్నార్డు పేర వెలసిన రేడియాలజీ సంస్థ. అప్పటి సత్తెనపల్లి తాలూకావారికి మదరాసు పరిపాలనలో రాజధాని, చదువులో రాజధాని, చికిత్సలోను రాజధాని. ఒక్క విడ్డూరము ఇచ్చట చెప్పక తప్పదు: నాడు ఈ తాలూకాలోనిదే యైన అమరావతి స్తూపపు సున్నపురాతి శిల్పములలో మేలైనవి కొన్ని లండనుకును, కొన్ని ఎగ్మూరులోని మ్యూజియమునకును తరలిపోయినవి; కావున తమ ఊరి శిల్పమును చూడగోరినను, తమ గుండె చిత్రమును చూడగోరినను ఈ సీమవాడు మదరాసు బండియే ఎక్కవలసి వచ్చెడిది.

ఎక్స్‌రే ఫిల్ములో గుండె ఒక నీడ మాత్రమే. లోపలి గదులు గాని కవాటములు గాని అందు కనబడవు. కాని నీడ అంచులను బట్టి లోపలి సంగతిని చదువుట ఒక విద్యగా పెరిగెను. ఫాలో అను ఫ్రెంచి వైద్యుడు 1888లో నాలుగు లోపముల కూటమిగా వర్ణించిన నీలిబిడ్డల జబ్బులో ఆ నీడ బూటు ఆకారమున నుండును. మహాధమని ఒకచోట నొక్కుకొని పుట్టినవారిలో, రక్తము వేరుదారి వెదకుకొనుటచే ఉబ్బిన నాళములు ప్రక్కటెముకల అడుగు అంచులను ఒరసి గంట్లు పెట్టును. ఎబ్‌స్టైన్ 1866లో చెప్పిన కవాటపు వైకల్యములో నీడ పెట్టెవలె వెడల్పగును. కుడివైపు గుండె సంగతి మరియు వినోదకరము. గుండె కుడిప్రక్క నుండవచ్చునని ఇటలీ వైద్యుడు సెవెరీనో 1643లోనే వ్రాసియున్నాడు. కడుపులోని అవయవములు సయితము అద్దములో ప్రతిబింబమువలె తారుమారైన వారిలో పెక్కురు ఏ బాధయు లేక నిండునూరేండ్లు బ్రతుకుదురు. దగ్గుకో జ్వరమునకో ఫిల్ము తీయించుకొన్ననాడు గాని తమ దేహపు వింత తామే ఎఱుగరు. అట్టి ఫిల్ము చేతికి వచ్చినపుడు అనుభవశాలి యైన టెక్నీషియను మొదట శంకించునది రోగిని కాదు, తన్ను. ఫిల్ము తిరగవేసి చూచుచుంటినా, కుడియెడమలను తెలుపు సీసపు అక్షరము సరిగా పెట్టితినా యని సరిచూచుకొని, మరల తీసి, అప్పుడు గాని డాక్టరుతో చెప్పడు. ఈ వినయము ఆ వృత్తిలో మొదటి పాఠము.

ఎక్స్‌రే చేసిన ఉపకారములలో నాకు మిక్కిలి ఘనమని తోచునది మరొకటి. క్షయక్రిములు ఊపిరితిత్తులను వదలి గుండెపై కప్పియుండు పొరకు సోకి, ఏండ్ల తరబడి అచ్చటనే మాని, ఆ పొరను దళసరి తొడుగుగా మార్చివేయుట కలదు. కొందరిలో ఆ తొడుగున సున్నము చేరి గట్టిపడిపోవును. గుండె కొట్టుకొనుటకు శక్తి యున్నను విచ్చుకొనుటకు చోటు లేక, వచ్చిన రక్తమును లోనికి తీసికొనలేకపోగా, ఆ రక్తము వెనుకకు నిలిచి, మెడ నరములు ఉబ్బి, కాలేయము పెరిగి, కాళ్ళవాపుకంటె ముందే పొట్టలో నీరు చేరును. చూచువారికది అచ్చముగా జలోదరము. త్రాగుబోతని నిందపడిన వారును, కామెర్లని పసరుమందు మ్రింగిన వారును, పథ్యములతో చిక్కి శల్యమైన వారును ఇట్టి రోగులలో ఉండుట సహజమే, ఏలయన ముందునుండి తీసిన ఫిల్ములో గుండె నీడ పెరిగియుండదు. ఇంత నీరు పట్టినవానికి గుండె పెద్దదిగా లేదే, కనుక జబ్బు గుండెది కాదు అని తీర్పు చెప్పుట సులభము. ప్రక్కనుండి మరియొక ఫిల్ము తీసినచో, కొందరిలో, గుండె చుట్టును తెల్లని సున్నపు గీత స్పష్టముగా కనబడును. ఆ గీతను చూచిన వైద్యుడు మెడ నరమును మరల చూచును. ఊపిరి లోనికి పీల్చినపుడు తగ్గవలసిన ఉబ్బు హెచ్చుట కనుగొనును. పొరను ఒలిచివేయు శస్త్రచికిత్స కలదు. చేయించుకొన్నవారిలో పెక్కుమంది మరల మడక పట్టగలరు. ఒక ప్రక్కఫిల్ము ఖర్చు, దానిని అడుగవలెనను తలపు, ఈ రెండింటిలో అరుదైనది రెండవదే.

స్వాతంత్ర్యమునకు ముందటి యేడు, 1946లో, గుంటూరులో వైద్యకళాశాల ఏర్పడెను. దానితో జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రియై, సత్తెనపల్లి రోగికి పెద్దడాక్టరు చూపు ఒక పూట ప్రయాణపు దూరములోనికి వచ్చినది. గుండెలోపలికి చూపు సారించు పనికి మాత్రము వెల్లూరే దిక్కు. అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలలో రీవ్ బెట్స్ 1949లో వక్షశస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పెను. డాక్టరు కమలా వైతిలింగం హృద్రోగశాఖను పెంచి పోషించెను. మీటరుగేజి బండిలో గుంటూరు చేరి, తెనాలిలో బండి మారి, గూడూరు, రేణిగుంటల మీదుగా కాట్పాడిలో దిగి, చంకలో ఫిల్ముల కవరుతో, చెంగున మిరపపంట సొమ్ముతో, తమిళము రాని నోటితో ఆసుపత్రి వరండాలో కూర్చున్న తెలుగు కుటుంబములు వెల్లూరునకు క్రొత్త కాదు.

వెల్లూరువంటి చోట్ల జరిగెడిది కాథెటరు పరీక్ష. దీని పుట్టుక కథవలె నుండును. 1929లో జర్మనీలోని ఎబెర్‌స్వాల్డె అను చిన్న ఊరి ఆసుపత్రిలో వెర్నెర్ ఫోర్స్‌మన్ అను ఇరువదియైదేండ్ల వైద్యుడు, పైవారు వలదన్న ప్రయోగమును తనపై తానే చేసికొని, మోచేతి సిరలోనుండి సన్నని గొట్టమును గుండెదాక త్రోసికొని, ఆ గొట్టముతోనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడచిపోయి, కొన తన గుండెలో నుండుటను ఫిల్ముకెక్కించెను. మెప్పు రాలేదు, చీవాట్లు వచ్చినవి. ఆ గొట్టమునే కూర్నాండ్, రిచర్డ్స్ అనువారు అమెరికాలో శాస్త్రీయ సాధనముగా తీర్చిదిద్దగా, 1956లో ముగ్గురికి కలిపి నోబెలు బహుమానము వచ్చెను. గొట్టముద్వారా రంగుమందు పంపి తీసిన చిత్రములలో గుండె గదులు మొదటిసారి నీడలుగా గాక ఆకారములుగా నిలిచినవి. నాడి అందని పడుచు మహాధమని ఎచ్చట ఇరుకైనదో, ఏ కొమ్మ మూసికొనిపోయినదో అందు స్పష్టమయ్యెను. కాని ఈ పరీక్ష రోగికి కష్టము, కొంత అపాయము; ఇంటికి వంద మైళ్ళకు మీరిన దూరమున, అప్పుచేసి తెచ్చిన సొమ్ముతో, అనుమానము తీర్చుకొనుట కొఱకే చేయించుకొనదగినది కాదు. వింతజబ్బుల రోగులలో హెచ్చుమంది ఆ గుమ్మమును చేరకయే పోయిరి.

గుమ్మమును దగ్గరకు తెచ్చినది శబ్దము. స్వీడనులోని లుండ్ నగరమున ఇంగె ఎడ్లర్ అను హృద్రోగవైద్యునికి ఒక చిక్కు ఉండెను: ద్విపత్ర కవాటము ఇరుకైనదో, లేక సరిగా మూసికొనక కారుచున్నదో, గొట్టము త్రోయకుండ తెలిసికొనుట ఎట్లు? హెల్ముత్ హెర్ట్స్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, ఓడల లోహపుపలకలలో పగుళ్ళను కనిపెట్టుటకు మాల్మో రేవు నావనిర్మాణశాలవారు అతిధ్వని తరంగములను వాడుచుండుట ఎఱిగి, ఆ యంత్రమును ఎరువు తెచ్చెను. 1953 అక్టోబరు 29న వారు కొట్టుకొను గుండెనుండి తిరిగి వచ్చిన ప్రతిధ్వనులను తొలిసారి నమోదు చేసిరి. అందు గంతులు వేయుచు కనబడిన గీతను ఎడ్లర్ మొదట కర్ణిక గోడ యని భ్రమించి, కొన్నేండ్ల పరిశీలనమీద అది కవాటపు రెక్కయే యని గ్రహించెను. చిత్రము కంటికి కనబడుట ఒకటి, అది దేని చిత్రమో తెలియుట మరొకటి. ఆ యంత్రమును కనిపెట్టినవానికే ఇది తప్పలేదు.

కవాటము కొఱకై పుట్టిన ఈ యంత్రము, కవాటపు వేషము వేసికొన్న మరొక జబ్బును 1959లోనే పట్టియిచ్చెను. గుండె ఎడమ కర్ణికలో, గదుల నడిమి గోడనుండి కాడతో వ్రేలాడు జిగురువంటి కంతి ఒకటి కొందరికి పుట్టును. దానిని మిక్సోమా అందురు. గుండె విచ్చుకొను ప్రతిసారి ఆ కంతి కవాటపు ద్వారమునకు అడ్డుపడి, రక్తమును లోనికి పోనీయదు. కవాటము ఇరుకైనవారి సవ్వడియే ఇచ్చటను వినబడును, ఆయాసమును అట్టిదే. కూర్చున్నపుడు ఒక తీరున, పండుకొన్నపుడు మరొక తీరున సవ్వడి మారుట, నిష్కారణముగా జ్వరము కాయుట, బరువు తగ్గుట, కంతి ముక్క విరిగి మెదడుకో కాలికో పోయి నాళమును అడ్డుట దాని గుర్తులు. జర్మనీలో ఎఫెర్ట్ బృందము ఎకో అను ఈ అతిధ్వని చిత్రమున దానిని బ్రతికియున్న రోగిలో చూచెను. మన సీమకు ఇది ఎంత ముఖ్యమో గ్రహింపవలెనన్నచో, ఆనాటి కవాటచికిత్సను తలచుకొనవలెను. ఇరుకైన కవాటమును విప్పుటకు సర్జను గుండెను ఆపకుండనే కర్ణికలోనికి వ్రేలు దూర్చి, కంటితో చూడక, స్పర్శతోనే రెక్కలను విడదీసెడివాడు. కీళ్ళవాతముచే కవాటము చెడిన వందలమందికి ఆ వ్రేలు ప్రాణదాత. కాని అదే గదిలో కంతి యున్నచో ఆ వ్రేలే దానిని చిదిపి ముక్కలను దేహమంతట చల్లగలదు. కీళ్ళవాతము సర్వసాధారణమైన దేశములో, ఆయాసపడు పడుచులందరు ఒకే వరుసలో నిలువగా, వారిలో ఒక్కతె మాత్రము వేరొక జబ్బుతో నిలుచున్నదని గొట్టము త్రోయకుండ చెప్పునది ఎకో చిత్రము తప్ప మరొకటి లేకుండెను. కీళ్ళవాతమునకు వేయు పెన్సిలిన్ సూదిని మూడువారములకొకటి చొప్పున ఎన్నియేండ్లు వేసినను ఆ కంతి కరగదు.

తొలినాటి ఎకో ఒక్క గీతను మాత్రమే గీసెడిది. 1970 దశకమున కదలు చిత్రమును, 1980 దశకమున రక్తపు పరుగును ఎఱుపు, నీలి రంగులలో చూపు డాప్లరును దానికి తోడయ్యెను. ఈలోగా సత్తెనపల్లి చేలును మారినవి. ఈ ఊరినుండి పలుమారులు శాసనసభకు ఎన్నికైన వావిలాల గోపాలకృష్ణయ్య మొదలగువారు పోరి సాధించిన నందికొండ ప్రాజెక్టు నాగార్జునసాగరమై, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలగా, కుడికాలువ ఆయకట్టున ప్రత్తి, మిరప, వరి పైరులు విస్తరిల్లెను. ఆ సొమ్ములో ఒక భాగము గుంటూరు కొత్తపేటకు ప్రవహించినదనుట అతిశయోక్తి కాదు. నర్సింగు హోములు, లాబొరేటరీలు, స్కానింగు సెంటర్లు ఆ పేటలో వీధులను నింపినవి. వెల్లూరు చూపవలసిన చిత్రమును కొత్తపేటలో పగటిపూట చూచుకొని, సాయంత్రపు బస్సుకు ఊరు చేరు కాలము వచ్చెను.

బీదలకు ఈ ద్వారము ఇంకను ఆలస్యముగా తెరుచుకొన్నది. పుట్టపర్తిలో ఉచితముగా గుండె ఆపరేషనులు చేయు ఆసుపత్రిని 1991 నవంబరు 22న ప్రధాని పి. వి. నరసింహారావు ప్రారంభించెను. హైదరాబాదు పంజగుట్టలోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయు, డాక్టరు బి. సోమరాజు ప్రభృతులు 1997లో నెలకొల్పిన కేర్ ఆసుపత్రియు తెలుగునాట హృద్రోగవిద్యకు కేంద్రములయ్యెను. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిమ్మట తెల్లకార్డు గలవాడును ఎకో కాగితము చేతబట్టి కార్పొరేటు ఆసుపత్రి మెట్లెక్కెను. మంచి మాటయే. అయితే పథకములు జబ్బులను పట్టికలుగా వ్రాసికొని డబ్బు చెల్లించును. పట్టికలోనున్న జబ్బునకు తోవ తిన్ననైనది, పేరు తేలని జబ్బువాడు ఏ పేరు క్రింద చేరవలెనో తెలియక తిరుగుట మిగిలినది.

పేరు తేలని జబ్బులలో ఒకటి పడుచువాండ్రను తటాలున తీసికొనిపోవునది. పరుగెత్తుచునో బరువెత్తుచునో కుప్పకూలిన యువకుని గురించి మన ఊళ్ళలో గుండెపోటనియో, ఫిట్సనియో చెప్పుకొని ఊరకుందురు. 1958లో లండనులో డొనాల్డ్ టియర్ అను శవపరీక్షకుడు అట్టి యువకుల గుండెలను కోసి చూచి, ఎడమ కుడి జఠరికల నడిమి గోడ ఒక్కటే విపరీతముగా మందమెక్కియుండుటను వర్ణించెను. అది వంశమున పారు జబ్బని తేలినది. ఎకో వచ్చినపిమ్మట ఆ గోడను బ్రతికియున్నవారిలో మిల్లీమీటర్లలో కొలుచుట సాధ్యమై, చనిపోయినవాని తమ్ముని, చెల్లెలిని, బిడ్డలను ముందుగా పరీక్షించు పద్ధతి ఏర్పడెను. 2009లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనసంస్థకు చెందిన కుమారస్వామి తంగరాజు, ఆయన సహచరులు, గుండెకండలోని ఒక ప్రోటీనుకు సంబంధించిన జన్యువులో 25 అక్షరముల లోపము ఈ ఉపఖండపు జనులలో సుమారు నూటికి నలుగురికి కలదనియు, గుండెకండ జబ్బులకు దానికి సంబంధము కలదనియు ప్రకటించిరి. ఆ లోపమున్న వారందరికి జబ్బు రాదు. వచ్చినదో లేదో చెప్పుటకు మరల చిత్రమే శరణ్యము.

ఎకో చూపలేనిది కండలోని మచ్చ. గాడోలినియమ్ అను మందును ఎక్కించి, కొన్ని నిమిషములు ఆగి తీసిన ఎమ్మారై చిత్రములో చెడిన కండ తెల్లగా మెఱయును. ఆ తెలుపు ఎచ్చటనున్నదో చదువుటలోనే నేర్పంతయు. రక్తనాళము మూసికొనుటచే వచ్చిన మచ్చ కండ లోపలి పొరనుండి మొదలగును. నడిమిపొరలోనో వెలుపలి పొరలోనో మాత్రమే యున్నచో కారణము వేరు. హైదరాబాదు వైద్యులు ఈ విద్యను మన దేశపు చిక్కునకు అన్వయించిన తీరు చెప్పుకొనదగినది. గుండె పంపు చేయు శక్తి బాగుగనే యుండి, నాళములు శుభ్రముగనే యుండి, అకస్మాత్తుగా ప్రాణాంతకమైన వేగముతో దడపుట్టు రోగులను కేర్ ఆసుపత్రిలో కాలంబూరు నరసింహన్ ప్రభృతులు ఎమ్మారై, పెట్ స్కానులతో పరీక్షించి, గుండెకండలోను ఱొమ్ము నడిమి గ్రంథులలోను వాపును కనుగొని, ఆ గ్రంథుల ముక్కను తీసి చూచి, కొందరిలో సార్కాయిడ్ అను జబ్బును, కొందరిలో క్షయను గుర్తించి, 2011లో అమెరికా హృద్రోగ కళాశాల పత్రికలో ప్రకటించిరి. చిత్రము వాపును చూపును. అది క్షయదా సార్కాయిడ్‌దా యన్నది చూపదు. ఒకదానికి నెలల తరబడి క్షయమందులు, మరొకదానికి స్టిరాయిడులు, తారుమారైనచో హాని. అమెరికా వైద్యుడు మొదట సార్కాయిడ్‌ను తలచు చోట, తెలుగు వైద్యుడు రెండింటిని తలచి ముక్క తీయించవలెను. ఇక పెట్ స్కానుకు ముందు ఆరోగ్యవంతమైన కండ చక్కెరను పీల్చి చిత్రమును చెఱుపకుండుటకై అన్నము, చక్కెర మాని, క్రొవ్వు ఆహారము తిని, ఆపై ఉపవాసముండవలెను. మూడుపూటల అన్నముతో గడచు మన వాండ్రకు ఈ నియమమును నచ్చచెప్పుట స్కాను తీయుటకంటె కష్టమని ఆ గదులలో పనిచేయువారందురు.

గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2016లో డాక్టరు ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందము గుండెమార్పిడి చేసి, ఈ సీమలో జరుగుననుకొనని పనిని జరిపించెను. మంగళగిరిలో ఎయిమ్స్ వెలసినది. అయిదవ నెలలో గర్భిణికి చేయు టిఫా స్కానులో, ఆడపిల్లా మగపిల్లాడా అని అడుగరాదను బోర్డు క్రిందనే, పుట్టని బిడ్డ గుండెలోని నాలుగు గదులను లెక్కపెట్టుట ఇప్పుడు సామాన్యమైనది. చిన్న ఊళ్ళలో సైతము టూడీ ఎకో తెలియని యిల్లు లేదు, రచ్చబండమీద ముసలివారు ఒకరినొకరు “నీ పంపింగు ఎంత?” అని అడుగుకొందురు. ఇరువది, ముప్పది, అరువది యని శాతములలో జవాబు చెప్పుకొందురు.

ఆ సంఖ్య గుండెపోటు వచ్చినవారి విషయమున మంచి కొలబద్దయే. వింతజబ్బుల విషయమున అది క్రొత్త వేషము. సున్నపు తొడుగు బిగిసిన గుండెకు పంపింగు బాగుగనే యుండును. గోడ మందమెక్కిన యువకునికి అరువదికి పైగా నుండును. హైదరాబాదువారు చూచిన దడరోగులకును అది తగ్గియుండలేదు. ముదిమిలో గుండెగోడలలో ఒక ప్రోటీను చేరి వాటిని బిగింపజేయు అమిలాయిడ్ అను జబ్బులో, గోడ దళసరిని చూచి బి.పి. వలన వచ్చినదని వ్రాసి, పంపింగు యాభైయైదని చెప్పి పంపివేయుట కద్దు. బి.పి. వలన మందమెక్కిన గుండెకు ఇసిజి గీతలు పెద్దవగును. ఇచ్చట గోడ మందమైనను గీతలు చిన్నవిగా నుండవచ్చును. ఈ పొసగమిని గమనించిన వైద్యుడు, ఎముకల స్కానుకు వాడు టెక్నీషియమ్ మందునే ఎక్కించి ఱొమ్మును చిత్రింపించును. కొన్ని తెఱగుల అమిలాయిడ్‌లో ఎముకలకు పోవలసిన ఆ మందు గుండెలో చేరి వెలుగును. క్యాన్సరు రోగుల ఎముకలు చూడబోయినపుడు అనుకొనకుండ కనబడిన ఈ వింతయే, 2016నాటికి, రక్తములోను మూత్రములోను ఒక జాతి ప్రోటీను లేదని తేలినచో గుండెకండ ముక్క తీయనక్కరలేకయే రోగనిర్ణయము చేయదగిన పద్ధతిగా పలుదేశముల నిపుణుల ఆమోదము పొందెను. ఇందుకు గామా కెమెరా యను యంత్రము కావలెను. అది క్యాన్సరు చికిత్స చేయు పెద్ద ఆసుపత్రులలో ఉండును. సత్తెనపల్లి రోగి అచ్చటికి పోవుటకు ముందు, ఎకో కాగితములోని గోడ మందమును ఇసిజి కాగితములోని గీతల పొడవుతో ఎవరో ఒకరు ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.